ఎవరి తరఫున?

తన మాటలకు సభ ఊగిపోతే చాలనుకుని, ఆ మాటల వల్ల ఎవరికి లాభమో ఏనాడూ కనుక్కోని కోదండపాణి అనే వక్త ఒకడు చిత్రగిరి రాజ్యంలో ఉండేవాడు.

ఆ రాజ్యంలో ఒక మంచి ఆచారం ఉండేది. రాణి విమలాంబ వారం వారం సభ తీర్చేది. ఎవరికి ఏ కష్టమున్నా, ఏ కోరిక ఉన్నా అక్కడికి వచ్చి చెప్పుకోవచ్చు. అయితే నలుగురి ముందు నిలబడితే అందరికీ నోరు పెగలదు కదా! అలాంటివాళ్ళు ఒక వక్తను కుదుర్చుకునేవారు. వక్త వాళ్ళ తరఫున మాట్లాడేవాడు. ఆ వక్తలందరిలోకీ కోదండపాణి మేటి. అతడు కుమ్మరుల గోడు చెబితే వింటున్నవాళ్ళకు తడిమట్టి వాసన తగిలేది. గొర్రెల కాపరుల కష్టం చెబితే కరుకు మనిషైన సేనాపతి కూడా ఉత్తరీయంతో కళ్ళు ఒత్తుకునేవాడు.

అతడికి నాంచారమ్మ అని ఒక చెల్లెలు ఉండేది. ఆమె కాపురం కొండపాలెంలో. ఆమె భర్త వీరప్ప ఆ ఊరికి పైనున్న గుర్రాల కనుమలో కావలివాళ్ళకు నాయకుడు. పండక్కో పబ్బానికో అన్నగారింటికి వచ్చినప్పుడు నాంచారమ్మ అతడి మాటలు వినడానికి సభకు వెళ్ళేది.

ఒకసారి సభనుంచి వస్తూ, "అన్నయ్యా! పోయినసారి చెరుకు రైతుల తరఫున మాట్లాడావు. ఇవాళ గానుగవాళ్ళ తరఫున నిలబడి ఆ రైతుల్నే తప్పుపట్టావు. ఇంతకీ నీకు ఏది నిజమనిపిస్తుంది?" అని అడిగింది.

కోదండపాణి నవ్వాడు. "వంటవాడు వచ్చినవాళ్ళ ఊరూ పేరూ అడుగుతాడా, నాంచారీ? రుచిగా వండి వడ్డిస్తాడు. నా పనీ అంతే" అన్నాడు.

 ఆ జవాబు నాంచారమ్మకు నచ్చలేదు.

చిత్రగిరికి ఉత్తరాన దండకోట రాజ్యం ఉండేది. దాన్ని దుర్జయుడు ఏలేవాడు. చిత్రగిరి పచ్చటి పొలాల మీద అతడికి ఎప్పటినుంచో కన్ను ఉంది. రెండు రాజ్యాలకూ మధ్య కొండల వరుస అడ్డు. ఆ కొండలు దాటడానికి గుర్రాల కనుమ ఒక్కటే దారి. అందుకే చిత్రగిరివాళ్ళు ఆ కనుమలో చిన్న కోట కట్టి, గట్టి కావలి పెట్టారు. సముద్ర తీరంనుంచి ఆ దారినే వచ్చే ఉప్పు బళ్ళతో సహా ప్రతి బండినీ సోదా చేసి కానీ వదిలేవారు కాదు.

ఒకనాడు మకరందుడనే మనిషి కోదండపాణి ఇంటికి వచ్చాడు. తాను సముద్ర తీరంనుంచి వచ్చిన వ్యాపారినని చెప్పుకున్నాడు. మెత్తని మాట, చెదరని చిరునవ్వు. కూర్చుంటూనే, "అయ్యా! ఎన్నో రాజ్యాలు తిరిగాను, ఎందరో వక్తలను విన్నాను. మీ మాట విన్నాక మిగిలినవాళ్ళు నత్తివాళ్ళనిపించారు" అన్నాడు.

కోదండపాణి ఒళ్ళు పులకరించింది. "నావల్ల మీకేం కావాలో సెలవివ్వండి" అన్నాడు.

"నాకోసం కాదు, పేదల కోసం. ఉప్పు బళ్ళు గుర్రాల కనుమ దగ్గర రోజుల తరబడి ఆగిపోతున్నాయి. సోదాలు, సోదాల మీద సోదాలు! ఆలస్యమయ్యేకొద్దీ ఉప్పు ధర పెరుగుతోంది. కొండ పల్లెల్లో పేదవాళ్ళు చప్పిడి గంజి తాగుతున్నారు. ఆ కావలి తీసేస్తే ఉప్పు చవకవుతుంది. మీరు ఒక్కసారి సభలో ఈ మాట చెప్పండి."

అందులో కొంత నిజం లేకపోలేదు. ఉప్పు ధర పెరిగిన మాట అందరికీ తెలుసు. "తప్పకుండా చెబుతాను. ఫలానా వ్యాపారి అడిగించాడని చెప్పనా?" అన్నాడు కోదండపాణి.

"ఎందుకండీ? నాకు పేరు మీద మోజు లేదు. పేదవాడి గంజిలో ఇంత ఉప్పు పడితే అదే పదివేలు" అన్నాడు మకరందుడు. వెళుతూ వెళుతూ కోదండపాణికి జరీ శాలువా కప్పాడు. వాకిట్లో ఒక కొత్త పల్లకి కూడా వదిలి వెళ్ళాడు.

లాభం కోసం తిరిగే వ్యాపారికి పేరు అక్కర్లేకపోవడమేమిటని కోదండపాణికి ఒక్క క్షణం అనిపించింది. అంతలోనే పల్లకి కొమ్ముకు చెక్కిన హంస కంటపడింది. ఆ అనుమానం అక్కడితో చెదిరిపోయింది.

తరువాతి సభలో అతడు మాట్లాడిన తీరు అంతా ఇంతా కాదు. పసిబిడ్డకు గంజి పడుతూ, అందులో ఉప్పు వేయలేక చాటుగా కంటతడి పెట్టుకునే తల్లిని కళ్ళకు కట్టించాడు. సభలో చాలామంది కళ్ళు తుడుచుకున్నారు. ముసలి మంత్రి మాత్రం గొంతు సవరించుకుని, "బాగా చెప్పావు కోదండపాణీ! కానీ ఈ మాట ఎవరు అడగమన్నారు?" అన్నాడు.

"చప్పిడి గంజి తాగే ప్రతి పేదవాడూ అడగమన్నాడు, మంత్రివర్యా!" అన్నాడు కోదండపాణి.

సభంతా చప్పట్లతో మారుమోగింది. ఆ హోరులో మంత్రి ప్రశ్న ఎవరికీ గుర్తు లేకుండా పోయింది. కనుమలో సోదాలు ఆపాలని, కావలివాళ్ళలో ఎక్కువమందిని వెనక్కి పిలవాలని రాణి ఆజ్ఞ ఇచ్చింది.

తన మనుషులను రాజధానిలో అప్పగించడానికి వచ్చిన వీరప్ప దారిలో బావమరిది ఇంటికి వచ్చాడు. ఎక్కువ మాట్లాడే అలవాటు లేని మనిషి. మంచినీళ్ళు తాగి, "బావగారూ, ఉప్పు బళ్ళను త్వరగా చూసి పంపమంటే పంపేవాళ్ళం కదా! మనుషుల్నే తీసెయ్యమన్నారేమిటి?" అన్నాడు.

కోదండపాణి, "సభ నిర్ణయం వీరప్పా, నాదేముంది?" అని మాట దాటేశాడు. వీరప్ప తలూపి, మిగిలిన కొద్దిమందితో కావలి కాయడానికి తిరిగి కనుమకు వెళ్ళిపోయాడు.

కోతలు ముగిసి ధాన్యం ఇంకా కళ్ళాల్లోనే ఉన్న రోజులవి. ఒక ఉదయం ఉప్పు బళ్ళు బారులు తీరి కనుమలోకి వచ్చాయి. సోదా లేదు కనుక ఎవరూ ఆపలేదు. కోట వాకిలి దాటగానే ఉప్పు బస్తాల కిందినుంచి దండకోట సైనికులు కత్తులు దూసి దూకారు. వీరప్ప వెంటనే లోపలి తలుపు మూయించి, కొమ్ము ఊదించాడు. కిందనున్న కొండపాలెం జనం ఆ మోత విని, పిల్లల్ని చంకన వేసుకుని, పశువులను తోలుకుంటూ అడవిలోకి పరుగెత్తారు. జనమంతా తప్పించుకునేదాకా వీరప్ప, అతడి మనుషులు ఆ తలుపు దగ్గరే నిలబడ్డారు. ఊరివాళ్ళ ప్రాణాలు దక్కాయి. కానీ కళ్ళాల్లో ధాన్యం బూడిదైంది. కోట శత్రువు చేతికి చిక్కింది. వీరప్పకు కుడిచేయి పోయింది; అతడి మనుషులే అతడిని మోసుకుని బయటపడ్డారు.

కొండపాలెం జనం రాజధానికి చేరుకున్నారు. నాంచారమ్మ భర్తను బండిలో పడుకోబెట్టుకుని అన్న వాకిట్లో దిగింది. వైద్యుడు వచ్చి కట్టు కట్టి వెళ్ళేదాకా ఆమె భర్త పక్కనే కూర్చుంది. తరువాత అన్నగారి ఎదుట నిలబడింది.

"చేయి పోయినా మనిషి దక్కాడు. దానికి దేవుడికి దండం పెట్టుకున్నాను. ఇప్పుడు నువ్వు చెప్పు అన్నయ్యా. కావలి తీసెయ్యమని నీచేత అడిగించింది ఎవరు?"

"ఒక వ్యాపారి, నాంచారీ. సముద్ర తీరంనుంచి వచ్చాడు."

"ఏ ఊరు?"

కోదండపాణి తెల్లబోయాడు.

"ఎవరి మనిషి? ఉప్పు చవకైతే అతడికేమిటి? నీకు పల్లకి ఎందుకిచ్చాడు?"

అతడు వాకిట్లోని పల్లకి వైపు చూశాడు.

"నీకు తెలియదు. సభకూ తెలియదు. అందరూ నీ గొంతు విని కరిగిపోయారు. ఆ గొంతులోంచి మాట్లాడుతున్నది ఎవరో అడిగినవాడు లేడు" అని నాంచారమ్మ కొంగుతో ముఖం తుడుచుకుని భర్త దగ్గరకు వెళ్ళిపోయింది.

కోదండపాణి అరుగు మీద కూలబడ్డాడు. అంతవరకు తన మాటలు గాలిలో కలిసిపోతాయనుకున్నాడు. అవి కోట తలుపులు తెరుస్తాయని, ధాన్యం కుప్పలు కాలుస్తాయని అతడికి తెలియదు.

కొద్ది రోజులకు దండకోటనుంచి రాయబారి వస్తున్నాడని కబురు వచ్చింది. సభ తీరింది. కోదండపాణి సభామంటపం మెట్లు ఎక్కుతుండగా ఎవరో భుజం మీద చేయి వేశారు. తిరిగి చూస్తే మకరందుడు! ఈసారి వ్యాపారి వేషంలో లేడు. తలకు రాయబారి పాగా, నడుముకు దండకోట ముద్ర ఉన్న పట్టీ ఉన్నాయి. చిరునవ్వు మాత్రం అదే.

"నువ్వా!" అన్నాడు కోదండపాణి.

"నేనే. నెమ్మదిగా మాట్లాడు. ఇక్కడ నీకు తప్ప నేనెవరికీ తెలియదు" అన్నాడు మకరందుడు. "మా ప్రభువు కోరేది ఒక్కటే. గుర్రాల కనుమను మాకు శాశ్వతంగా రాసిచ్చేస్తే యుద్ధం ఉండదు. ఈ మాట నేనంటే శత్రువు మాట అవుతుంది. నువ్వంటే శాంతి మాట అవుతుంది. నా తరువాత లేచి నాలుగు తియ్యటి మాటలు చెప్పు. ఈసారి పల్లకి కాదు, ఏనుగునే పంపుతాను."

"చెప్పకపోతే?"

"అప్పుడు ఆ ఉప్పు మాట ఎవరు చెప్పించారో నేనే సభకు చెబుతాను. నీ చెల్లెలి మొగుడికి చేయి ఎవరి వల్ల పోయిందో ఊరంతా చెప్పుకుంటుంది. ఆ తరువాత నీ మాట వినేదెవరు?" అని మకరందుడు చల్లగా లోపలికి నడిచాడు.

కోదండపాణికి వెనక్కి తిరిగి ఇంటికి వెళ్ళిపోదామా అనిపించింది. ఒంట్లో బాగాలేదంటే ఎవరు కాదంటారు? కానీ మెట్ల కింద కొండపాలెం జనం గుంపుగా నిలబడి ఉన్నారు. వాళ్ళ మధ్య నాంచారమ్మ కూడా ఉంది. ఆమె అతడి వైపు చూడటం లేదు. కనుమ పోతే తమ ఊరు కూడా పోయినట్టే కదా అని, సభ తలుపుల వైపే చూస్తోంది. అతడు లోపలికి వెళ్ళాడు.

రాయబారి తన మాట చెప్పాడు. కనుమ ఇవ్వకపోతే దండకోట సేన వరదలా వచ్చి పడుతుందన్నాడు. సభలో చాలామంది ముఖాలు పాలిపోయాయి. ఒకరిద్దరు, "పోనీ, ఆ కొండదారి ఇచ్చేస్తే పోలా?" అని గొణిగారు కూడా. అంతా కోదండపాణి ఏమంటాడోనని అతడి వైపు తిరిగారు.

అతడు లేచాడు.  "మహారాణీ! నేను మాట్లాడేముందు, ఇదివరకు ఎవరి తరఫున మాట్లాడానో చెప్పాలి. కనుమ కావలి తీసెయ్యమని నాచేత అడిగించింది ఈ రాయబారే. వ్యాపారినని చెప్పి మా ఇంటికి వచ్చాడు. నేను ఎవరు, ఏమిటని అడగలేదు. శాలువా కప్పించుకున్నాను, పల్లకి ఎక్కాను. సభ నన్ను నమ్మింది. నేను సభను దండకోటకు అప్పగించాను" అన్నాడు.

సభ భగ్గుమంది. "ద్రోహి!" అని ఎవరో అరిచారు. మరెవరో తలపాగా విసిరారు. కోదండపాణి తల వంచుకుని నిలబడ్డాడు. రాణి చేయెత్తి అందరినీ ఆపింది.

"ఇంకేమైనా చెప్పాలా?" అంది.

"ఒక్క మాట. ఇది నన్ను ఎవరూ చెప్పమనని మాట. ఇందాక మెట్ల మీద ఈయన నాకు ఏనుగును ఇస్తానన్నాడు. అదెందుకో నాకు అప్పుడు తట్టలేదు, ఇప్పుడు తడుతోంది. దండకోట అంత బలమైనదైతే కావలి ఉన్నప్పుడే వచ్చి కోట పట్టుకునేది. నాలాంటివాడి గొంతు అద్దెకు తీసుకునేది కాదు. ఇప్పుడు నిలబెట్టుకునే బలం ఉంటే కనుమ రాసిమ్మని అడగదు. నాచేత మళ్ళీ మాట్లాడించాలని చూడదు. వాళ్ళ సేన వరదలా వస్తుందో రాదో నాకు తెలియదు. కానీ వాళ్ళకు సేన కంటే మన సభ మీదే ఎక్కువ ఆశ ఉందని మాత్రం తెలుసు."

మొదటిసారి మకరందుడి చిరునవ్వు చెదిరింది. రాణి అది చూసింది. సేనాపతీ చూశాడు.

రాయబారి కనుక అతడిని ఎవరూ ముట్టుకోలేదు. మర్యాదగానే సాగనంపారు. సేనాపతి మాత్రం తన దళంతో అదే దారిలో అతడి కంటే ముందు కనుమకు చేరుకున్నాడు. చూస్తే కోట గోడల మీద జెండాలే ఎక్కువ, సైనికులు తక్కువ. చిత్రగిరి భేరీల మోత వినగానే వాళ్ళు కొండలు దిగి పారిపోయారు. సాయంత్రానికల్లా కనుమ తిరిగి చేతికి వచ్చింది.

కొండపాలెం జనం ఇళ్ళకు వెళ్ళారు. రాణి తన కొట్లలోని ధాన్యం వాళ్ళకు పంపింది. అక్కడితో కథ ముగిసేదే, కానీ సభలో కోపం చల్లారలేదు.

"ఇకనుంచి పరాయి దేశంవాడెవడూ మన సభలో నోరు విప్పకూడదు. అద్దె వక్తలూ వద్దు. వాళ్ళను దేశంనుంచి వెళ్ళగొట్టాలి!" అన్నాడు సేనాపతి. చాలామంది అవునన్నారు.

అప్పుడు సభ చివరినుంచి సాయమ్మ అనే నేతగత్తె లేచి నిలబడింది. దండకోటలో పుట్టిన మనిషి. దుర్జయుడి బాధ పడలేక ఎన్నో కుటుంబాలతో కలిసి చిత్రగిరికి పారిపోయి వచ్చింది. "తల్లీ! మేము పరాయి దేశంవాళ్ళమే. మాకు మీ యాస సరిగా రాదు, అందుకని వక్తనే పట్టుకుంటాం. ఆ దుర్జయుడు అక్కడ మా నోళ్ళు నొక్కాడు. ఇక్కడ మీరూ నొక్కితే అందరికంటే సంతోషించేది అతడే" అంది.

 రాణి ఆలోచించి, ఒక మూల ఒదిగి నిలబడ్డ కోదండపాణిని పిలిచింది. "మోసపోయినవాడివి నువ్వు. మళ్ళీ ఇలా జరగకుండా ఉండాలంటే ఏం చెయ్యాలో చెప్పు" అంది.

"మహారాణీ! నోరు మూయిస్తే ఉపయోగం లేదు. నేను పుట్టింది ఈ ఊళ్ళోనే. నా నోటితోనే కదా శత్రువు మాట్లాడాడు! మాట్లాడేది ఏ దేశంవాడని కాదు, ఎవరి కోసం మాట్లాడుతున్నాడని చూడాలి. కనుక సభలో ఎవరు లేచినా, ముందు తాను ఎవరి తరఫున లేచాడో, అందుకు ప్రతిఫలంగా ఏం పుచ్చుకున్నాడో పైకి చెప్పాలి. దండకోట తరఫునైనా సరే, చెప్పి మాట్లాడితే వినండి. వినేవాళ్ళు తూచుకుంటారు. దాచినవాడికి సభలో మాట ఉండకూడదు. ఇక మీ కొలువులో ఉన్నవాళ్ళు, మంత్రి మొదలు భటుడిదాకా, శత్రురాజు తరఫున చెప్పి కూడా మాట్లాడకూడదు. ఇద్దరికి కొలువు చేసేవాడు ఎవరో ఒకరికి ద్రోహం చెయ్యక తప్పదు."

ముసలి మంత్రి ముఖం వికసించింది. సాయమ్మ రెండు చేతులూ జోడించింది. సేనాపతి కాసేపు మీసం దువ్వుకుని, "ఇది బాగానే ఉంది" అన్నాడు. సభ ఒప్పుకుంది.

"మరి నీ సంగతి?" అంది రాణి. "అప్పటికి ఈ కట్టడి లేదు కనుక నిన్ను చెరలో పెట్టలేను. కానీ ఊరికే వదిలిపెట్టలేను. ఇకమీదట నువ్వు సభలో వక్తగా నిలబడవద్దు. సభ వాకిట్లో నిలబడు. లోపలికి వెళ్ళే ప్రతి వక్తనూ ఎవరి తరఫున వచ్చావని అడుగు. జవాబు చెప్పినవాడినే పంపు."

కోదండపాణి వంగి నమస్కరించాడు. పల్లకిని కొండపాలెం వైద్యశాలకు ఇచ్చేశాడు, నడవలేని రోగులను మోయడానికి.

మొదట్లో వాకిట్లో నిలబడటం అతడికి ప్రాణసంకటంగా ఉండేది. తనకు కిందివాళ్ళుగా ఉన్న వక్తలు తన ముందునుంచే లోపలికి వెళ్ళేవారు. కొందరు నవ్వేవారు. అయినా అతడు తలెత్తి, "ఎవరి తరఫున? ఏం పుచ్చుకున్నారు?" అని అందరినీ ఒకే తీరుగా అడిగేవాడు.

ఒకరోజు నిజంగానే ఒక ఉప్పు వర్తకుడు వచ్చాడు. "ఉప్పు వర్తకుల తరఫున వచ్చాను. బళ్ళు త్వరగా కదిలితే మాకు లాభం. ఆ మాట దాచను" అన్నాడు. సభ విన్నది. అతడి మాటలో న్యాయం ఉందనుకుంది. కావలివాళ్ళను తగ్గించకుండానే, ఉప్పు బళ్ళను వేరే వరుసలో చూసి పంపించే ఏర్పాటు జరిగింది. కనుమలో ఆ ఏర్పాటు దగ్గరుండి చేయించింది వీరప్పే. ఉప్పు చవకైంది.

అసలు పరీక్ష ఆ తరువాత వచ్చింది.

రాణి మేనమామ భూపతిదేవుడు సభకు వచ్చాడు. రాజ్యంలో అతడంటే అందరికీ గౌరవం. అబద్ధం ఎరగని మనిషి. అతడిని చూసి ద్వారపాలకులు దారి ఇచ్చి తప్పుకున్నారు. కోదండపాణి మాత్రం చేతులు కట్టుకుని ఎదురు నిలబడ్డాడు.

"అయ్యా! తమరు ఎవరి తరఫున మాట్లాడబోతున్నారు?"

భూపతిదేవుడు కళ్ళెర్రజేశాడు. "నేనెవరో తెలియదా నీకు?"

"తమరు తెలుసు. తమరిచేత మాట్లాడించేవాళ్ళే తెలియదు."

"నాచేత ఎవడు మాట్లాడిస్తాడు? తూర్పు అడవిలోని కలప కొట్టుకోవడానికి ఒక వర్తక సంఘానికి అనుమతి ఇమ్మని అడగబోతున్నాను. మంచివాళ్ళు. రాజ్యానికి ఆదాయం వస్తుంది."

"ఆ సంఘం ఎవరిదండీ?"

భూపతిదేవుడు ఆ సంఘంవాళ్ళను గుర్తుచేసుకున్నాడు.  వాళ్ళు తన కవిత్వాన్ని మెచ్చుకున్నారు, తన మనవడికి గుర్రం పిల్లను బహుమతిగా ఇచ్చారు. ఎవరు, ఎక్కడివాళ్ళన్నది తాను అడగలేదు.

లోపలినుంచి రాణి ఇదంతా వింటోంది. ఆమె కలగజేసుకోలేదు.

కోదండపాణి గొంతు తగ్గించి, "అయ్యా, నేనూ ఒకప్పుడు అడగలేదు. అడగడం చిన్నతనమనుకున్నాను. ఒక్కసారి కనుక్కుని రండి. తమరు వచ్చేదాకా సభ ఎక్కడికీ పోదు" అన్నాడు.

 భూపతిదేవుడు వెనుదిరిగి వెళ్ళిపోయాడు. చూసినవాళ్ళంతా కోదండపాణి పని అయిపోయిందనుకున్నారు.

మరుసటి సభకు భూపతిదేవుడు మళ్ళీ వచ్చాడు. ఈసారి తానే వాకిట్లో ఆగి అందరూ వినేలా చెప్పాడు. "వాళ్ళను అడిగాను. మొదట నవ్వారు. గట్టిగా అడిగితే రేపు చెబుతామన్నారు. మర్నాడు వెళ్ళేసరికి బస ఖాళీ చేసి, దండకోట దారి పట్టారు. కొండల వరుసకు తూర్పు చివర మనకు ఆ అడవే అడ్డు, అది నరికేస్తే వాళ్ళ సేనకు ఇంకో దారి తయారవుతుందని అప్పుడు నాకు అర్థమైంది. ఇవాళ సభలో అడగడానికి నా దగ్గర ఏమీ లేదు. నీకు కృతజ్ఞత చెప్పుకోవడానికే వచ్చాను. నువ్వు అడ్డు నిలబడకపోతే ఈ వయసులో నేను నా మేనకోడలి రాజ్యాన్నే అమ్మినవాడినయ్యేవాడిని."

ఆ పెద్దాయన వాకిట్లోనే కోదండపాణిని కౌగలించుకున్నాడు.

ఆ రోజు సభ చూడటానికి కొండపాలెంనుంచి వీరప్ప, నాంచారమ్మ వచ్చారు. అంతా విన్న నాంచారమ్మ అన్న దగ్గరకు వచ్చింది. కనుమ పోయిన నాటినుంచి ఆమె అతడితో ముక్తసరిగానే మాట్లాడుతోంది. ఇప్పుడు మాత్రం, "అన్నయ్యా, సభ ముగిశాక మాతో రా. కొత్త ధాన్యం ఇంటికి వచ్చింది. భోజనం చేసి వెళుదువుగాని" అంది.

వీరప్ప మిగిలిన చేత్తో అతడి భుజం తట్టి, "బావగారు మాట్లాడటం మానేశాక మాట బాగా నేర్చుకున్నారు" అన్నాడు. ముగ్గురూ నవ్వుకున్నారు.

ఇంతలో మరో వక్త మెట్లెక్కి వచ్చాడు. కోదండపాణి ఉత్తరీయం సర్దుకుని అతడికి ఎదురు వెళ్ళాడు.

మాట ఎంత తియ్యగా ఉన్నా, అది ఎవరి కోసం పలుకుతున్నదో దాచిపెట్టకుండా చెప్పడం మాట్లాడేవాడి ధర్మం. అది అడిగి తెలుసుకోవడం వినేవాళ్ళ ధర్మం. ఈ రెండూ నిలిచిన రాజ్యాన్ని శత్రువు మాటలతో గెలవలేడు.